ఎం.ఏ. దరఖాస్తు పదవ తరగతిలోనే మొదలగును

ఈ శీర్షికను చూచి తల్లిదండ్రులలో కొందరు నవ్వుకొనవచ్చును. "పదో తరగతే ఇంకా గట్టెక్కలేదు, అయ్యవారు అప్పుడే ఎం.ఏ. అంటుండారే" అని అనుకొనవచ్చును. ఇరువదియేండ్ల క్రిందట నేనును అట్లే నవ్వియుందును. విశ్వవిద్యాలయమున స్నాతకోత్తర విద్యకు ప్రవేశము పొందుట పట్టభద్రుడైన వాని వ్యవహారమనియు, ఉన్నత పాఠశాలకు దానితో నిమిత్తము లేదనియు మనలో పెక్కుమంది తలంతురు. ఆ తలంపు తప్పని నా అభిప్రాయము. సరిహద్దున నివసించు మనవంటి తెలుగువారి విషయమున అది మరింత తప్పు.

ముందుగా ఒక బాలిక సంగతి చెప్పెదను. పేరు చెప్పను. ఆమె పదవ తరగతి వరకు ఇక్కడనే తెలుగు మాధ్యమమున చదివినది. తండ్రి హోసూరు చేరువనున్న పల్లెలో గులాబీ తోటను కౌలుకు చేయుచుండును. పండ్రెండవ తరగతి పిమ్మట ఆమె బి.ఎస్‌సి. గణితములో చేరి, తరగతిలో మొదటి ఇద్దరు ముగ్గురిలో ఒకతెగా నిలిచినది. కేంద్ర విశ్వవిద్యాలయములలో ఎం.ఎస్‌సి. ప్రవేశమునకై జాతీయ పరీక్షా సంస్థ జరుపు పరీక్షను 2024 మార్చి నెలలో వ్రాసినది. ఏప్రిల్ నెలలో మార్కులు వచ్చినవి. మంచి మార్కులు. ఆ కాగితము పట్టుకొని నేరుగా మా ఇంటికి వచ్చినది. మా ఇంటి యామె ఆ పిల్ల చేతిలో చక్కెర పోసినది. "ఇంక నేనేమి చేయాల సార్?" అని ఆమె అడిగినది. "డిగ్రీ ఫలితాలు రానీ అమ్మా, తరువాత చూద్దాం" అని నేను చెప్పితిని.

నేను చెప్పిన ఆ మాటయే ఆమెకు సంవత్సరమును పోగొట్టినది. పరీక్ష జరిపినవారే స్థానమును గూడ ఇత్తురని నేననుకొంటిని. సంగతి అది కాదు. ఆ సంస్థ మార్కులు మాత్రమే ఇచ్చును. ఆ మార్కులు చేతబట్టుకొని విద్యార్థి తాను కోరిన ప్రతి విశ్వవిద్యాలయమునందును వేరువేరుగా నమోదు చేసికొనవలెను. ఎంపిక జాబితాలను ఆయా విశ్వవిద్యాలయములే ప్రకటించును. నమోదునకు గడువుండును. ఆ గడువును గూర్చిన జాబు ఏదైన వచ్చియున్నచో అది ఆ బాలికకు చేరలేదు. కారణమేమన, జనవరిలో దరఖాస్తు నింపిన బ్రౌజింగు సెంటరు కుర్రవాడు పని త్వరగా ముగియవలెనని తన సెల్లు నంబరును, తన ఈ-మెయిలును అందులో వేసియుండెను. జూన్‌లో డిగ్రీ ఫలితములు వచ్చునప్పటికి తలుపులు మూసివేయబడినవి.

తండ్రి నన్ను దూషింపలేదు. "సీటు వచ్చినట్లే అంటిరి. ఇప్పుడు పోయిందంటారు. ఇంగ చాల్లే సార్, ఆడబిడ్డ" అని మాత్రమనెను. మరుసటి సంవత్సరము మరల వ్రాయించుమని నేను రెండు మారులు వారి ఇంటికి పోయి అడిగితిని. ఆ మార్గశిరములోనే ఆమెకు పెండ్లి యయినది. పిలిచిరి, పోయితిని. విస్తరి ముందు కూర్చున్నప్పుడు నాకు కలిగిన సిగ్గును గూర్చి ఇచ్చట ఎక్కువ వ్రాయను. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణమని చెప్పిన చాలును.

కనుక కాలమును గూర్చి మొట్టమొదట తెలిసికొనవలెను. సి.యు.ఇ.టి.-పి.జి. యను ఈ ఉమ్మడి పరీక్ష 2022లో మొదలైనది. 2024లోను 2025లోను ఇది మార్చి నెలలోనే ప్రారంభమైనది. అనగా మూడవ సంవత్సరపు డిగ్రీ విద్యార్థి తన చివరి పరీక్షలింకను వ్రాయకముందే, డిసెంబరు జనవరి మాసములందే దరఖాస్తు చేయవలెను. 2025లో ప్రశ్నలు 75, వ్యవధి 90 నిమిషములు. సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు, తప్పు వ్రాసినచో ఒక మార్కు కోత. తెలియని దానిని ఊహించి గుర్తుపెట్టు అలవాటు మన పాఠశాల పరీక్షలలో నష్టము కలిగింపదు. అక్కడ కలిగించును. ఆంధ్రప్రదేశమున రాష్ట్ర విశ్వవిద్యాలయముల కన్నిటికి కలిపి జరుపు పి.జి.సెట్ 2021లో మొదలైనది. తెలంగాణమున సి.పి.జి.ఇ.టి. యను పరీక్ష కలదు. ఇవి 2024లో జూన్, జులై నెలలలో జరిగినవి. "ఫలితములు రానీ" యని కూర్చున్నవానికి వేసవి తరువాత మిగులునవి ఇటువంటివే.

ఇంకొక సంగతి. భాషా విషయములు తప్ప తక్కిన విషయములలో సి.యు.ఇ.టి.-పి.జి. ప్రశ్నాపత్రము ఇంగ్లీషునందును హిందీయందును మాత్రమే యుండును. తెలుగు మాధ్యమమున భౌతిక శాస్త్రమును చదివిన పిల్లవానికి త్వరణమననేమో తెలియును, జడత్వమననేమో తెలియును. ఆ ఇంగ్లీషు మాట కంటబడినప్పుడు మాత్రము అది తనకు తెలిసిన వస్తువే యని తెలియదు. ఇది తెలివి లోపము కాదు, మాటల పట్టిక లోపము. తొమ్మిదవ తరగతి నుండియే నోటుపుస్తకపు అంచున తెలుగు పారిభాషిక పదము ప్రక్కన ఇంగ్లీషు పదమును వ్రాసికొనినచో డిగ్రీ నాటికి భయముండదు. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడి కళాశాల చదువునకు తెలుగులో పుస్తకములను తెచ్చినది. వాటిని చదివి పైకి వచ్చినవారు లక్షలుగా నుందురు. తెలుగులో చదువుట వలన తలుపు మూసికొనిపోవునను మాటను నేనొప్పుకొనను. తాళపుచెవి మరియొక లిపిలో నున్నదని మాత్రమొప్పుకొందును.

మన పిల్లలు తెలుగువారు గనుక తెలుగు రాష్ట్రములలో వారికి ఎప్పుడును చోటుండునని మన పెద్దలలో ఒక నమ్మకము కలదు. అది సగమే నిజము. ఉద్యమముల పిదప 1973లో ఆరు సూత్రముల ప్రణాళిక వచ్చి, దాని ననుసరించి రాజ్యాంగమునకు జరిగిన 32వ సవరణచే 371-డి, 371-ఇ యను రెండు అధికరణములు చేరినవి. మొదటిదాని క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో నూటికి 85 స్థానములు స్థానికులవి. స్థానికతను నిర్ణయించునది మాటలాడు భాష కాదు, చదివిన చోటు, నివసించిన చోటు. హోసూరు పిల్లవాడు ఎంత చక్కని తెలుగు మాటలాడినను అక్కడ స్థానికేతరుడే. నాకు మొదట ఇది తెలిసిననాడు మనసు చివుక్కుమన్న మాట నిజము. మాతృభాషను ఇంటిలో నాలుగు తరములుగా నిలుపుకొన్నవానిని మాతృభూమి పొరుగువానిగా లెక్కించుట యేమని ఆగ్రహించితిని. తరువాత ఆలోచింపగా, అక్కడి వెనుకబడిన జిల్లాల పిల్లవాని పక్షమునను న్యాయమున్నదని తోచినది. ఏది యెట్లున్నను నియమము నియమమే. ఇతర రాష్ట్రముల అభ్యర్థులను గూర్చి ప్రతి ప్రకటనయందును వేరుగా చెప్పబడియుండును. ఆ భాగమును చదువక దరఖాస్తు రుసుము కట్టరాదు.

ఇక రెండవ అధికరణము సంగతి. 371-ఇ ననుసరించియే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడినది. అది కేంద్ర విశ్వవిద్యాలయము గనుక దేశమందలి పిల్లలందరకును ఒకే తీరున తెరచియుండును. ఒకే సవరణలో ఒక తలుపు సగము మూసికొనగా ప్రక్కనే మరొకటి తెరచికొనినది. ఈ రెండవ తలుపును గూర్చి మన ఊళ్లలో తెలిసినవారు మిక్కిలి తక్కువ. తిరువారూరులోను, కలబురగిలోను, పుదుచ్చేరిలోను, అనంతపురమునందును కేంద్ర విశ్వవిద్యాలయములున్నవి. మన ఇంటికి మిక్కిలి దగ్గరగా, మూడు రాష్ట్రములు కలియుచోట, కుప్పమున 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయమున్నది. తెలుగునే ప్రధాన విషయముగా చదువగోరువారికి మద్రాసు విశ్వవిద్యాలయమునందును, బెంగుళూరు విశ్వవిద్యాలయమునందును, అంతదూరమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును గూడ తెలుగు శాఖలు కలవు.

ఇప్పుడు శీర్షికలో చెప్పిన మాటకు వచ్చెదను.

ఎం.ఏ. ప్రవేశమునకు పోయిన విద్యార్థి ఎదుట కూర్చున్న ఉద్యోగి మొట్టమొదట అడుగు కాగితము డిగ్రీ పట్టము కాదు, పదవ తరగతి మార్కుల పత్రము. పుట్టిన తేదీకి అదియే సాక్ష్యము, పేరునకు అదియే మూలము. తక్కిన కాగితములన్నియు దానితో సరిపోలవలెను. మన ప్రాంతమున ఇక్కడనే చిక్కు వచ్చుచున్నది. తెలుగుదేశమున పేరునకు ముందు ఇంటిపేరు వచ్చును. ఇక్కడ తండ్రి పేరులోని మొదటి అక్షరము వచ్చును. కొందరు ఊరిపేరు అక్షరమును గూడ చేర్తురు. ఒకే పిల్లవాడు జనన పత్రమున ఇంటిపేరుతోను, ఆధారు కార్డున తండ్రి పేరుతోను, పాఠశాల రిజిస్టరున ఒంటి అక్షరముతోను, కళాశాలలో రెండక్షరములతోను ఉండును. ఇంటిలో అందరికిని అతడు ఒక్కడే. కంప్యూటరుకు మాత్రము నలుగురు.

లిపి వలన వచ్చు చిక్కు ఇంతకన్న విచిత్రమైనది. తమిళ లిపిలో ప, ఫ, బ, భ లకు ఒకటే అక్షరము. క, ఖ, గ, ఘ లకును ఒకటే. మనము ముద్దుగా భాగ్యలక్ష్మి యని పేరు పెట్టుకొందుము. దానిని తమిళమున వ్రాసి, ఆ తమిళమును చూచి మరియొకరు ఇంగ్లీషున వ్రాయునప్పటికి ఆమె పాకియలక్ష్మి యగును. ఆధారులో భాగ్యలక్ష్మి, మార్కుల పత్రమున పాకియలక్ష్మి. ఈ ఇద్దరును ఒకతెయే యని విశ్వవిద్యాలయమున నిరూపించుటకు ప్రమాణ పత్రము కావలెను, కొన్ని చోట్ల గెజెటు ప్రకటన కావలెను. వాటికి వారములు పట్టును, ప్రవేశమునకు ఇచ్చు వ్యవధి రెండు మూడు దినములు. పదవ తరగతి పరీక్షకు నామినల్ రోల్ పంపుటకు ముందైనచో ఈ దోషమును దిద్దుటకు ఒక కలము, ఒక నిమిషము చాలును. పంపిన పిదప దిద్దుట ఎంత కష్టమో అనుభవించినవారికే యెరుక.

అనుభవించినవారిలో నేనొకడను. 2001లో నేను బి.ఏ. ముగించి, పొరుగు రాష్ట్రమందలి ఒక విశ్వవిద్యాలయమున తెలుగు ఎం.ఏ.కు ప్రవేశ పరీక్ష వ్రాసితిని. పిలుపు వచ్చినది. మా తండ్రి రెండు మేకలనమ్మి ఇచ్చిన పైకముతో పోయితిని. పదవ తరగతి పత్రమున నా పేరు ముందు ఒక అక్షరము, డిగ్రీ పత్రమున రెండక్షరములు. కాగితములను పరిశీలించువాడు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి, "ఈ ఇద్దరిలో నువ్వెవరు?" అని అడిగెను. వెనుక వరుసలోనివారు నవ్విరి. ఆ నవ్వు నాకింకను వినబడును. బతిమాలగా ఆ సంగతిని చూచిచూడనట్లు విడిచెను గాని, "మైగ్రేషన్ సర్టిఫికెట్ ఏదీ?" అని మరొక ప్రశ్న వేసెను. అటువంటి కాగితమొకటి యుండునని నాకు అంతవరకు తెలియదు. కళాశాలవారిచ్చు టి.సి. వేరు, ఒక విశ్వవిద్యాలయమునుండి మరొకదానికి పోవువారికి మొదటి విశ్వవిద్యాలయము రుసుము పుచ్చుకొని ఇచ్చు ఈ పత్రము వేరు. మరునాటి సాయంకాలము వరకు గడువిచ్చిరి. రాత్రి బస్సెక్కి పోయితిని. నా పట్టమునిచ్చిన విశ్వవిద్యాలయమున ఆ గుమాస్తా సెలవులో నుండెను. నా స్థానము తరువాతివానికి పోయినది. మరుసటి యేడు మరల వ్రాసి చేరితిని. ఆ నడిమి సంవత్సరమంతయు మా ఊరి ఎరువుల దుకాణమున లెక్కలు వ్రాసితిని. మేకలను గూర్చి మా తండ్రి ఒక్క మాట అనలేదు. ఆ మౌనము నాకు నవ్వుకంటె బరువైనది.

నాకు మరల వ్రాయు అవకాశము దొరికినది, మగపిల్లవాడను గనుక. ఆ గులాబీ తోట బిడ్డకు దొరకలేదు.

కుల ధ్రువపత్రము విషయమున గూడ తల్లిదండ్రులు ఒక సంగతి నెరుగవలెను. తమిళనాట తాసీల్దారు ఇచ్చిన పత్రమును బట్టి వెనుకబడిన తరగతివారైనవారందరును పొరుగు రాష్ట్రమున ఆ తరగతివారుగా పరిగణింపబడరు. ప్రతి రాష్ట్రమునకును దాని జాబితా దానిది. కేంద్ర విశ్వవిద్యాలయములకు ఇతర వెనుకబడిన తరగతుల కేంద్ర జాబితా ప్రమాణము. ఆ జాబితాయు రాష్ట్రమువారీగా వేరువేరుగనే యుండును. కేంద్రపు నమూనాలో, సంపన్న శ్రేణికి చెందనివారమని తెలుపు పత్రమును వేరుగా పొందవలెను. దానిని ఆర్థిక సంవత్సరము మారిన పిదప క్రొత్తగా తీసికొనుట క్షేమము. కేంద్ర విద్యాసంస్థలలో ఈ తరగతులకు నూటికి 27 స్థానములున్నవి. రాష్ట్రపు నమూనాలో నున్న పత్రమును చూపి, ఆ 27లో చేరవలసినవాడు సామాన్య వర్గమునకు నెట్టబడుట నేను కన్నులార చూచితిని. ఇ-సేవై కేంద్రమున అడుగునప్పుడు "ఏ సర్టిఫికెట్?" అన్నచో "కేంద్ర ప్రభుత్వపు ఓ.బి.సి." అని స్పష్టముగా చెప్పవలెను. దరఖాస్తు ఎవరు నింపినను ఫోను నంబరును ఈ-మెయిలును విద్యార్థివే కావలెను. తండ్రికి చదువు రాకపోయినను ఈ ఒక్కటి పట్టుబట్టి చూడవచ్చును.

తెలుగు మాధ్యమపు పిల్లవానికి తెలుగు ఎం.ఏ. తప్ప గతి లేదను మాట మన వీథులలో తరచుగా వినబడును. ఆ మాట తెలుగు ఎం.ఏ.ను అవమానించును, పిల్లవానిని గూడ అవమానించును. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో నుండి, పిమ్మట మద్రాసు రాష్ట్రమున చేరినది. ఆ ఊరిలో 1888లో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రమునే ఎందులకు చదివెను? చదువు ముగించిన జ్ఞాతి యొకడు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఇచ్చుటచేత. కొనుటకు డబ్బు లేని ఇంట దొరికిన పుస్తకములే దారి చూపినవి. ఎం.ఏ. పట్టమునకై ఆయన వేదాంత నీతిని గూర్చి వ్రాసిన గ్రంథము 1908లో అచ్చయినది. 1928లో ఒంగోలున పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగునే ప్రధానముగా చదివి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు పోయి 1957లో భాషాశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను. తెలుగు ధాతువులపై ఆయన పరిశోధన 1961లో గ్రంథముగా వెలువడినది. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడాయెను. తెలుగు చదువు ఆయనను ఆపినది కాదు, పంపినది.

ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, సంతలో కన్నడము, పుస్తకమున ఇంగ్లీషు - ఇట్టి నాలుగు నోళ్ల పిల్లలను భాషాశాస్త్ర శాఖలును అనువాద శాఖలును వెదకుకొనవలసియుండగా, మనము వారిని "ఏ భాషయు సరిగా రానివాడు" అని ఇంటిలో తిట్టుచున్నాము. హైదరాబాదు విశ్వవిద్యాలయమున అనువర్తిత భాషాశాస్త్రమునకును అనువాదమునకును ఒక కేంద్రమే కలదు. మైసూరున 1969లో స్థాపింపబడిన భారతీయ భాషల కేంద్ర సంస్థ మనకు ఎంత దూరము? మన పాఠశాల నుండి అక్కడికి పోయినవారెందరని నేను అడుగను, సమాధానము నాకు తెలిసినదే.

విదేశములకు దరఖాస్తు చేయువారిని గూర్చి రెండు మాటలు. అక్కడ మార్కులతో పాటు విద్యార్థి స్వయముగా వ్రాసిన ఉద్దేశ్య పత్రమును, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలను అడుగుదురు. మన దేశమందును కొన్ని సంస్థలు అడుగుచున్నవి. పూర్వ విద్యార్థి యొకడు మొన్న తన పత్రమును నాకు చూపెను. బాల్యమునుండి విజ్ఞాన శాస్త్రమన్న తనకు అపారమైన మక్కువ యని దానిలో నుండెను. యంత్రము చేత వ్రాయించినట్లు తెలియుచునేయున్నది. "నీళ్ల రసాయనమే ఎందుకు చదవాలనుకున్నావురా?" అని అడిగితిని. వాడు కొంతసేపు ఊరకుండి, తమ తాత బావిలో చేతితో నీళ్లు తోడుకొనెననియు, తండ్రి మూడు వందల అడుగులకు బోరు వేసెననియు, ఇప్పుడు వేయి అడుగులు దాటినను వచ్చు నీరు త్రాగినచో పండ్లు పచ్చబడుచున్నవనియు, ఆ నీటిలో ఏమున్నదో తెలిసికొనవలెననియు చెప్పెను. "ఇది వ్రాయరా" అంటిని. ఆ పిల్లవానికి మొదట నమ్మకము కలుగలేదు. మన ఊరి బోరు సంగతి విశ్వవిద్యాలయమువారికి చెప్పదగినదా యని సందేహించెను.

సిఫారసు లేఖల విషయమున తప్పు మా ఉపాధ్యాయులదే. "సత్ప్రవర్తన గలవాడు, వినయవంతుడు" అని ఒకే మూసలో వందమందికి వ్రాసి సంతకము పెట్టుదుము. నేనును పెట్టితిని. రాధాకృష్ణన్‌కు ఆయన గురువు హాగ్ ఇచ్చిన యోగ్యతా పత్రము ఆ విద్యార్థి వ్రాసిన గ్రంథమును గూర్చినది, అతని బుద్ధి ఎట్లు పనిచేయుచున్నదో చెప్పినది. వినయమును గూర్చి ఎవరైన చెప్పవచ్చును. విద్యార్థి ఏ ప్రశ్న వేసెనో, ఏ పని ముగించెనో గురువు మాత్రమే చెప్పగలడు. కనుక లేఖ కావలసినవాడు గడువునకు మూడు వారములు ముందుగా, తన మార్కులతోను చేసిన పనితోను గురువు కడకు పోవలెను. గడువు రాత్రి ఫోను చేసినవానికి మూస లేఖయే దొరకును.

"ఇంత శ్రమ యెందుకు? పండ్రెండవ తరగతి కాగానే కర్మాగారమున పని దొరకుచున్నదే" యని అడుగు తల్లులున్నారు. వారి ప్రశ్నను నేను తేలికగా చూడను. హోసూరు పరిసరములందలి కర్మాగారములు ఆడపిల్లలను వేలుగా పనికి తీసికొనుచున్నవి. నెల జీతము వచ్చును, బస్సు వచ్చి తీసికొనిపోవును, ఇంటి అప్పు తీరును. ఆ జీతముతో తమ్ములను చదివించుచున్న ఆడపిల్లలు నాకు తెలియుదురు. వారికి నమస్కరింతును. కాని తమ్ములను చదివించుచున్న ఆ అక్కకు చదువు వచ్చునా రాదా యని ఎవరైన అడిగిరా? మూడేండ్ల డిగ్రీ వరకు చదివించిన తల్లిదండ్రులు మిగిలిన రెండేండ్లకు వెనుదీయుటకు కారణము పైకము కాదని నా అనుభవము. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో బోధన రుసుము తక్కువ, వసతి గృహములున్నవి, ఉపకార వేతనములున్నవి. భయమునకు కారణము దూరము. దూరమునకు విరుగుడు, అక్కడ చదువుచున్న మన ఊరి పిల్లలతో ఆ తల్లి ఒక్కసారి ఫోనులో మాటలాడుట. పూర్వ విద్యార్థుల నంబర్ల పట్టిక నొకటి పాఠశాలలో నేను తయారు చేయుచున్నాను. ఇప్పటికి పదునొకండు పేర్లున్నవి. అందులో నలుగురు ఆడపిల్లలు, తల్లులతో మాటలాడుటకు నలుగురును ఒప్పుకొనిరి.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన ఏర్పరుపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఆ ఆదేశము ప్రాథమిక దశతో ఆగిపోవును. ఆ పైన మన పిల్లవాని చేయి పట్టుకొనవలసినది ఇంటివారును, మాబోటి బడిపంతుళ్లును మాత్రమే. నేనొకమారు ఆ చేతిని విడిచితిని.

ఈ యేటి పదవ తరగతి నామినల్ రోల్ చిత్తుప్రతి పాఠశాల కార్యాలయమున బల్లపై ఉంచబడినది. ప్రధానోపాధ్యాయుల అనుమతితో రానున్న రెండు శనివారములు మధ్యాహ్నము వరకు నేనక్కడనే కూర్చుందును. తల్లిగాని తండ్రిగాని జనన పత్రమును, ఆధారు కార్డును, ఉన్నచో కుల ధ్రువపత్రమును తీసికొని రావలెను. పేరు, ఇంటిపేరు లేక తండ్రి అక్షరము, పుట్టిన తేదీ, తమిళ లిపిలోను ఇంగ్లీషులోను వ్రాత - ఈ నాలుగింటిని కలిసి సరిచూతము. కూలికి పోవువారు ఆదివారము ఉదయము మా ఇంటికి వచ్చినను సరియే. చదువురానివారు సంకోచింపనక్కరలేదు, నేను చదివి వినిపింతును.